పద్నాలుగు మైళ్ళ పరీక్ష

మా తాతగారు ఎక్కడికి బయలుదేరినా ఇరవై అడుగులు నడిచి, ఇరవై అడుగులు పరుగెత్తి, మళ్ళీ ఇరవై అడుగులు నడిచేవారు. అరవై ఏళ్ళ మనిషి, పంచె ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, మదనపల్లె బజారులో ఆ తీరున పోతుంటే కొత్తవాళ్ళు ఏదో కొంప మునిగిందనుకుని పక్కకు తప్పుకునేవారు. పాతవాళ్ళు మాత్రం "అయ్యవారిది స్కౌటు నడక" అని నవ్వి ఊరుకునేవారు. ఆ నడకతో మైలు దూరాన్ని పన్నెండు నిమిషాల్లో దాటడం, ఆయన చిన్ననాట సెకండ్ క్లాస్ స్కౌటు కావడానికి పెట్టిన పరీక్షల్లో ఒకటి. రొప్పుతూ పదకొండు నిమిషాలకే చేరినవాణ్ణి కూడా వాళ్ళ మాస్టారు మెచ్చుకోకుండా వెనక్కి పంపేవారట. గడియారం లేనివాడు తన కాళ్ళతోనే కాలాన్ని కొలవగలగాలన్నది ఆయన పట్టుదల.

తాతగారు 1906లో పుట్టారు. చదువు కోసం పల్లె విడిచి మదనపల్లె వచ్చి, దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) వారి బడిలో చేరారు. పన్నెండో ఏట ఆయన మెడకు స్కౌటు రుమాలు పడింది. తరువాత ఉపాధ్యాయులై, ఊళ్ళూళ్ళూ తిరిగి, రిటైరయ్యాక మళ్ళీ మదనపల్లెకే వచ్చి స్థిరపడ్డారు. 1960లలో మనవలమైన మాకు ఆ విద్యంతా ఇంటి వెనుక చింతచెట్టు కింద మొదలైంది. నేను ఇక్కడ రాస్తున్నదానిలో సగం ఆయన నోట విన్నది, సగం ఆయన వెంట నడిచి నేర్చుకున్నది. చరిత్రకు సంబంధించిన సంగతులు మాత్రం పెద్దయ్యాక చదివి సరిచూసుకున్నాను.

స్కౌటు ఉద్యమం ఇంగ్లండులో పుట్టిందని అందరూ అంటారు కానీ, దాని వేళ్ళు కొన్ని మన నేలలోనే ఉన్నాయని తాతగారు వాదించేవారు, ఆ వాదనలో నిజం లేకపోలేదు. ఆ ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్-పవెల్ 1876లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, 13వ హుస్సార్స్ అనే గుర్రపు దళంలో అధికారిగా లక్నో వచ్చాడు. నేల మీది జాడ చూసి జంతువు ఎటు పోయిందో, మనిషి ఎంతసేపటి క్రితం నడిచాడో చెప్పే విద్యను ఆయన ఇక్కడ బాగా సాధన చేశాడు. సైనికుల కోసం ఆ విషయం మీద 1884లోనే ఒక పుస్తకం కూడా రాశాడు. తరువాత బోయర్ యుద్ధంలో, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణం 217 రోజులు ముట్టడిలో ఉన్నప్పుడు, అక్కడి కుర్రాళ్ళు ఉత్తరాలు చేరవేయడం, కాపలా కాయడం వంటి పనులు పెద్దవాళ్ళకు దీటుగా చేయడం చూశాడు. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో ఇరవై మంది పైచిలుకు పిల్లలతో ఒక శిబిరం నడిపాడు. వాళ్ళలో పెద్ద పెద్ద ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు, కష్టజీవుల ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. అందరినీ కలిపేసి నాలుగు చిన్న దళాలుగా విడదీసి, ఒక్కొక్క దళానికి ఒక పక్షి పేరో జంతువు పేరో పెట్టాడు. మరుసటి ఏడు జనవరి నుంచి 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకం పదిహేను రోజులకొక భాగం చొప్పున ఆరు భాగాలుగా, ఒక్కొక్కటి నాలుగు పెన్నీల వెలకు వచ్చింది. పెద్దలెవరూ చెప్పకుండానే పిల్లలు తమంతట తాము ఆ పుస్తకం కొనుక్కుని, దళాలు కట్టుకుని, తమకొక మాస్టారు కావాలని పెద్దల వెంటపడ్డారు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా తాతగారి ముఖం వెలిగిపోయేది. పెద్దవాళ్ళు పిల్లలను కూడగట్టడం లోకంలో ఎప్పుడూ ఉన్నదే, పిల్లలే పెద్దవాళ్ళను పట్టుకొచ్చి నిలబెట్టడం ఎక్కడైనా విన్నావా అని అడిగేవారు.

మన దేశానికి ఈ ఉద్యమం 1909లో బెంగుళూరు మీదుగా వచ్చింది. అయితే అది తెల్లవాళ్ళ పిల్లలకూ ఆంగ్లో-ఇండియన్ పిల్లలకూ మాత్రమే. భారతీయుల పిల్లలకు జాడ పట్టడం, సంకేతాలు పంపడం, బారులు తీరి కదలడం నేర్పితే రేపు ఆ విద్య ఎవరి మీద ప్రయోగిస్తారోనని దొరలకు భయం. వంగదేశంలో విప్లవ సమితులు చురుగ్గా ఉన్న రోజులవి. తలుపు తెరవకపోతే గోడ పక్కన ఇంకో తలుపు పెట్టుకుందామనుకున్న వాళ్ళు మన దేశంలో కొందరు బయలుదేరారు. మద్రాసులో అనీబిసెంటు గారు, జార్జి అరండేల్ తోడుగా, 1916-17 ప్రాంతంలో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. ఉత్తరాదిన మదనమోహన మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ కలిసి సేవాసమితి స్కౌటు దళాలను నడిపారు. బిసెంటు గారి దళాల పిల్లలు వెడల్పు అంచు టోపీకి బదులు తలపాగా చుట్టేవారు, ఇంగ్లీషు పాటలకు బదులు మన పాటలు పాడేవారు. మదనపల్లె బడి, కాలేజీ ఆవిడ అధ్యక్షురాలుగా ఉన్న దివ్యజ్ఞాన సమాజం చేతిలోనే ఉండేవి కాబట్టి ఆ గాలి మా ఊరికి వెంటనే సోకింది. ఆ పనిలో ఆవిడకు తోడ్పడిన ఎఫ్. జి. పియర్స్ అనే ఆయన 1950లలో మా ఊరి పక్కనే ఉన్న ఋషివ్యాలీ బడికి ప్రిన్సిపాలుగా వచ్చారు. తాతగారు ఎన్నడూ ఆయనతో మాట్లాడలేదు కానీ, దారిలో ఎదురుపడినప్పుడు స్కౌటు పద్ధతిలో మూడు వేళ్ళతో వందనం చేశాననీ, అటు నుంచీ మూడు వేళ్ళే లేచాయనీ మురిసిపోతూ చెప్పేవారు.

మాకు మొట్టమొదట చేతికి వచ్చింది కర్ర. అయిదున్నర అడుగుల వెదురు కర్ర. తాతగారు దాని మీద కత్తిమొనతో అడుగడుగుకూ ఒక గాటు, పై అడుగులో అంగుళానికొక చిన్న గాటు పెట్టి ఇచ్చారు. దానితో వంక దాటే ముందు నీటి లోతు చూడాలి. రెండు కర్రలను రెండు చొక్కాల చేతుల్లోంచి దూర్చి గుండీలు పెడితే దెబ్బ తగిలినవాణ్ణి మోసే పడక అవుతుంది. కర్రను నిలువుగా పాతి దాని నీడను కొలిచి, అదే సమయంలో చెట్టు నీడనూ కొలిస్తే చెట్టెక్కకుండానే దాని ఎత్తు తెలుస్తుంది. మా బడి ఆవరణలోని వేపచెట్టు ఎత్తు ఎంతో డ్రిల్లు మాస్టారికి తెలియదు కానీ మాకు తెలుసు. కర్ర లేనప్పుడు ఒళ్ళే కొలబద్ద కావాలని కూడా పుస్తకంలో ఉంది. అందుకని జానెడు ఎన్ని అంగుళాలు, మూర ఎంత, బార ఎంత, మామూలు నడకలో అంగ ఎంత అన్నది ప్రతివాడూ తన లెక్క తాను రాసుకోవాలి. ఎదిగే పిల్లలం కాబట్టి ప్రతి పండక్కీ ఆ లెక్క తప్పేది. సంక్రాంతికీ ఉగాదికీ కొత్త బట్టలతో పాటు మా జానకు కొత్త కొలత కూడా వచ్చేది.

చూపుకు పెట్టే పరీక్ష ఇంకా సరదాగా ఉండేది. కిప్లింగ్ నవలలోని కుర్రాడి పేరున దానిని కిమ్ ఆట అనేవారు. ఒక పళ్ళెంలో ఇరవై నాలుగు వస్తువులు పెట్టి, గుడ్డ కప్పి, ఒక్క నిమిషం గుడ్డ తీసి చూపించి మళ్ళీ కప్పేస్తారు. కనీసం పదహారు వస్తువుల పేర్లు రాయగలిగినవాడే గెలిచినట్టు. తాతగారు ఇత్తడి పళ్ళెం మా అవ్వ వంటింట్లోంచి తెచ్చేవారు, వస్తువులూ అక్కడివే: కుంకుడుకాయ, వక్క, అణా బిళ్ళ, పిన్నీసు, తాళంచెవి, చింతగింజ, గవ్వ, దబ్బనం, కర్పూరం బిళ్ళ, ఎండుమిరపకాయ తొడిమ. మేము తలలు బద్దలు కొట్టుకుని పద్నాలుగు దగ్గరో పదిహేను దగ్గరో ఆగిపోతే, గుమ్మంలో నిలబడి ఊరికే తొంగిచూసిన అవ్వ ఇరవై నాలుగూ అప్పజెప్పేది. అంతటితో ఆగక, ఆ వక్క పుచ్చుదనీ, ఆ దబ్బనం మొన విరిగిందనీ, అది గోతాలు కుట్టడానికి పనికిరాదనీ కూడా చెప్పేది. తాతగారు ఆమెకు ఒక బ్యాడ్జీ ఇవ్వాలని చాలా రోజులు వేళాకోళమాడారు. తన సామాను తనకు గుర్తుండటంలో వింతేముందని అవ్వ అనేది. ఏ నేలైనా సొంత వంటిల్లంత పరిచయం కావాలన్నదే కదా జాడ పట్టే విద్య, అని తాతగారు మా వైపు తిరిగి అనేవారు.

ఎర్రమట్టి బాటల మీద ఆ విద్యను ఆయన మాకు పొద్దున్నే నేర్పేవారు, మంచు తడి ఆరకముందు. బండి చక్రం జాడలో అంచులు నిలువుగా, పదునుగా ఉంటే బండి ఇప్పుడే పోయినట్టు. అంచు నలిగి, చీమల బారు జాడను అడ్డంగా దాటి ఉంటే రాత్రి పోయినట్టు. కుంటి ఎద్దు ఏ వైపు కుంటుతుందో, బరువు మోసే మనిషి మడమ ఎంత లోతుకు దిగుతుందో వంగి వేలితో చూపించేవారు. ముందు పోయినవాడు వెనుక వచ్చేవాడికి రాళ్ళతో, పుల్లలతో పెట్టే గుర్తులు వేరే ఉండేవి: బాణం గుర్తు ఉంటే ఇటు రమ్మని, అడ్డంగా గుణకారం గుర్తు ఉంటే ఇటు రావద్దని, వలయంలో చుక్క ఉంటే ఇంటికి వెళ్ళిపోయానని. మా పెదనాన్న కొడుకు ఈ చివరి గుర్తును బడి గేటు ముందు గీసి ఇంటికి వచ్చేసేవాడు. సెలవు చీటీగా అది చెల్లదని బడిలో తేల్చి చెప్పారు.

తాతగారి కాలంలో దళమంతా కలిసి శిబిరానికి పోయేది హార్స్‌లీ కొండలకు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర అక్కడ వేసవి విడిది కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది కానీ, మా వైపు పెద్దవాళ్ళకు అది ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. క్రిస్మస్ సెలవుల్లో ఒంటెద్దు బండి మీద బియ్యం, పప్పు, రాగిపిండి, దుప్పట్లు వేసి పంపి, పిల్లలు కదిరి రోడ్డు పట్టి నడిచిపోయేవారు. కొండ కింద ఒక రాత్రి ఆగి, మరునాడు పాత కాలిబాట వెంట ఎక్కేవారు. పైన చలిగాలి ఎంత కోసేదంటే, రెండే రెండు అగ్గిపుల్లలతో పొయ్యి వెలిగించాలన్న పరీక్ష అక్కడ నెగ్గినవాడికి కిందనున్నవాళ్ళు నెగ్గిన దానికి రెట్టింపు గౌరవం.

ఆ పరీక్షను ఆయన మా కళ్ళ ముందు చేసి చూపించిన తీరు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. ముందు పచ్చిక ఉన్నచోట గడ్డిని వేళ్ళతో సహా పెచ్చుగా కోసి పక్కన పెట్టారు, పని అయ్యాక మళ్ళీ అక్కడే అతికించడానికి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి ఆ వైపుకు వీపు పెట్టి కూర్చున్నారు. వేలి లావు ఎండు పుల్లలు మూడు తీసుకుని, చాకుతో పై నుంచి కిందికి సన్నగా చెక్కుతూ, చెక్కిన పొరలు ఊడిపోకుండా పుల్లకే చుట్టలుగా వేలాడేట్టు చేశారు. ఆ మూడింటినీ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, లోపల ఎండు బోదగడ్డి కుక్కి, పైన పిట్టగూడంత చితుకులు పేర్చి, గాలి వచ్చే వైపున మాత్రం చిన్న నోరు వదిలారు. ఇదంతా చేయడానికి దాదాపు అరగంట పట్టింది. అగ్గిపుల్ల గీసింది ఒక్కసారి. రెండో పుల్లను జేబులో వేసుకుని, పరీక్ష పెట్టినవాళ్ళు రెండు ఇచ్చేది రెండూ గీయమని కాదని మా చేత ఒప్పించారు. పుస్తకం ప్రకారం ఆ మంట మీద పావు పౌను మాంసం, రెండు బంగాళాదుంపలు వండాలి. దివ్యజ్ఞాన సమాజం బడిలో మాంసం ఊసే లేదు కాబట్టి, వాళ్ళు దానికి బదులు అన్నమూ పప్పూ వండి, మిగిలిన నిప్పుల మీద కాల్చిన బండరాయిపై రాగిరొట్టె తట్టేవారట. రొట్టె ఒక వైపు మాడి ఇంకో వైపు పచ్చిగా ఉండేదనీ, అంత రుచి మళ్ళీ ఎక్కడా తినలేదనీ ఒకే వాక్యంలో చెప్పేవారు.

ఆ రొట్టె దగ్గరే ఇంకో సంగతి ఉంది. స్కౌటు నియమాల్లో నాలుగోది, స్కౌటు అందరికీ మిత్రుడు, తోటి స్కౌటు ఏ వర్గానికి చెందినవాడైనా అతనికి సోదరుడు, అని. ఇంగ్లండులో ఆ మాట ధనికులకూ పేదలకూ మధ్యనున్న గోడను ఉద్దేశించినది. మా వైపుకు వచ్చేసరికి ఆ మాట నేరుగా వంటపాత్ర మీద పడింది. ఏ దళంలోనైనా పిల్లలు వంతులవారీగా వండాలి, వండినది అందరూ వరుసగా కూర్చుని తినాలి. మొదటి శిబిరం నుంచి తాతగారు తిరిగివస్తే వాళ్ళమ్మ గుమ్మం దాటనివ్వక, పెరటి బావి దగ్గర తలంటు స్నానం చేయించి, బట్టలు తడిపించి, ఎవరు వండారు, ఎవరు వడ్డించారు అని ఒక్కొక్కటే ఆరా తీసిందట. ఆయన ఒక్క పేరూ చెప్పలేదు. స్కౌటు మాట మీద నిలబడతాడన్నది మొదటి నియమమే కానీ, నోరు మెదపకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అని ఆ రాత్రంతా మథనపడ్డానని చెప్పేవారు. తరువాతి శిబిరానికి వాళ్ళమ్మ స్వయంగా రాగిపిండి కట్టి పంపింది, బహుశా కనీసం పిండైనా మనింటిదే కావాలని.

రాత్రులు కొండ మీద దిక్కులు నేర్చుకునేవారు. దిక్సూచిలోని పదహారు దిక్కులు అప్పజెప్పాలి. ఎనిమిది దిక్కులూ వాటి దేవతలూ మన పిల్లలకు ఎలాగూ తెలుసు కాబట్టి, నడుమనున్న ఎనిమిదీ నేర్చుకుంటే చాలు. నక్షత్రాల విషయంలోనూ అంతే. ఒరయన్ అని పుస్తకంలో ఉన్నది మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన గొల్లకావడి చుక్కలున్న చోటే. కావడిలోని నడిమి చుక్క నుంచి వేటగాడి తలగా చెప్పే చిన్న చుక్కల మీదుగా గీత గీసి పొడిగిస్తే ధ్రువ నక్షత్రం వైపుకు పోతుంది. సప్తర్షులు కనబడని వేళ ఉత్తర దిక్కును ఇలా పట్టుకోవచ్చు. పిల్లలకోడి అనే చుక్కల గుంపు ఎంత పైకి వచ్చిందో చూసి ఎంత రాత్రయిందో చెప్పే గొర్రెల కాపరి ఒకతను ఆ శిబిరం మంట దగ్గరికి వచ్చి కూర్చునేవాడట. మాస్టారి చేతి గడియారానికీ అతని మాటకూ తేడా పావుగంటకు మించేది కాదట. మాస్టారు ఆ గడియారం తిప్పి జేబులో పెట్టేసుకుని, మిగిలిన పాఠం అతన్నే చెప్పమన్నారు.

ఇక ఫస్ట్ క్లాస్ స్కౌటు కావాలంటే దాటవలసిన అసలు పరీక్ష వేరే ఉంది. పిల్లవాడు ఒంటరిగా, కాలినడకన, ఏడు మైళ్ళ దూరంలోని చోటికి వెళ్ళి తిరిగి రావాలి. వీలైతే ఒక రాత్రి బయట గడిపి రెండు రోజుల్లో రావడం మేలు. వచ్చాక చూసినదంతా చిన్న నివేదికగా రాసి ఇవ్వాలి. గుర్రం మీదో బండి మీదో పోయేవాడు పదిహేను మైళ్ళు పోయి రావాలి, రైలు మాత్రం ఎక్కకూడదు. మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి అన్ని మైళ్ళ అవతల ఉంది కాబట్టి, మా ఊరివాడు రైలు ఎక్కాలంటేనే సగం పరీక్ష రాసినట్టని తాతగారి చమత్కారం.

ఆయన ఆ పరీక్షకు 1922లో వెళ్ళారు. ఆ నివేదిక రాసిన నోటుపుస్తకం మా ఇంట్లో ఉంది. గోధుమరంగు అట్ట, లోపల పెన్సిల్ రాత, అక్కడక్కడ నూనె మరకలు. పదహారేళ్ళ పిల్లవాడు రాసిందంటే నమ్మబుద్ధి కాదు, అందులో భావాలేమీ లేవు. సూర్యోదయం వర్ణించలేదు. బయలుదేరిన వేళ, గాలి దిక్కు, మొదటి మైలురాయి దగ్గరికి ఎన్ని అంగలు పట్టాయి, దారికి ఎడమన ఎన్ని చింతచెట్లు, ఏ మలుపు దగ్గర రోడ్డు ఎత్తు ఎక్కుతుంది, బండ్లు ఎక్కడ దిగబడతాయి, ఇవీ అందులో ఉన్నవి. అంగళ్ళు అనే ఊరు దాటాక ఒక దిగుడుబావి బొమ్మ గీసి, మెట్లు ఎన్నో లెక్కపెట్టి, "నీరు మంచిది; తాడు తెచ్చుకోవలెను; ఉత్తరపు గోడలో తేనెతుట్టె, జాగ్రత్త" అని రాశారు. ఆ తరువాతి పుటలో రాత్రి బస గురించి ఉంది. ఆయన ఊరి చివరి మండపంలో పడుకుందామనుకుంటే, పక్కనే మంద తోలిన గొర్రెల కాపరులు చిన్నపిల్లవాడు ఒంటరిగా ఉన్నాడని పిలిచి, మంద నడుమ కంబళి పరిచి పడుకోబెట్టారు. నివేదికలో దీని గురించి ఉన్నవి మూడే మాటలు: "వెచ్చగా ఉండెను. గోమార్లు." గొర్రెలకు పట్టే ఆ పురుగులు తరువాత ఎన్ని రోజులు పీడించాయో మాత్రం మాకు నోటితోనే చెప్పారు, అదీ అవ్వ వినకుండా.

ఆ నోటుపుస్తకం మొదటిసారి చదివినప్పుడు నాకు తోచిన ప్రశ్న, వాళ్ళ నాన్న ఎలా పంపాడన్నది. అప్పటికి ఆ దారిలో చిరుతపులులు తిరుగుతాయని జనం చెప్పుకునేవారు. అడిగితే తాతగారు చెప్పిన జవాబు ఇది. ఆయన తండ్రి వద్దన్నాడట. మాస్టారు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని వాదన ఏమీ పెట్టుకోకుండా, దారిలో ఏ మైలు దగ్గర ఏముందో పిల్లవాణ్ణి అడిగి చూడమన్నారు. తండ్రి అడిగాడు, కొడుకు అంతకుముందే దళంతో నడిచిన దారి కాబట్టి వరుసగా చెప్పుకుపోయాడు. సంతకు ఎన్నోసార్లు పోయివచ్చిన ఆ తండ్రికి అందులో సగం తెలియదు. అంతే, లోపలికి వెళ్ళి తన చేతికర్ర తెచ్చి ఇచ్చాడు. తనకు కర్ర ఉందని తాతగారు అంటే, ఇది కూడా పట్టుకుపో అన్నాడట. రెండు కర్రలతో పోయినవాడు ఆ దళంలో ఆయనొక్కరే.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే పెద్దల లోకంలో పెద్ద మార్పు వచ్చింది. 1921 మొదట్లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ పిలుపు మీద బేడెన్-పవెల్ మన దేశమంతా తిరిగాడు. ఆ పర్యటన తరువాత మూసిన తలుపు తెరుచుకుంది, బిసెంటు గారి దళాలు ప్రధాన సంఘంలో కలిశాయి, ఆవిడను గౌరవ కమిషనరుగా నియమించారు. 1932లో ఆవిడకు సిల్వర్ వుల్ఫ్ పతకం కూడా ఇచ్చారు. సేవాసమితివారు మాత్రం కలవలేదు. దైవానికీ రాజుకూ నా విధి నిర్వర్తిస్తానన్నది అప్పటి స్కౌటు ప్రమాణం. సహాయ నిరాకరణోద్యమం ఊరూరా మండుతున్న ఏళ్ళలో, రాజు అన్న మాట పిల్లల గొంతులో ముల్లులా గుచ్చుకునేది. తాతగారి దళంలో కొందరు ఆ మాట దగ్గర దగ్గేవారట, కొందరు మనసులో దేశం అనుకుని పైకి రాజు అనేవారట. ఆయన ఏం చేసేవారో మాకు చెప్పలేదు.

అన్నిటికన్నా బాధ పెట్టినది 1937 నాటి మాట. ఆ ఏడు ఫిబ్రవరిలో ఢిల్లీలో అఖిల భారత జాంబొరీ, అంటే స్కౌట్ల పెద్ద మేళా, జరిగింది, బేడెన్-పవెల్ ముసలితనంలో చివరిసారి వచ్చి చూశాడు. ఆ తరువాత భారతీయుల శీలాన్ని తక్కువ చేస్తూ ఆయన అన్న మాటలు బయటికి వచ్చి దేశమంతా మండిపడింది; ఎందరో రాజీనామా చేశారు, మరుసటి ఏడు హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. తాతగారు అప్పటికి ఉపాధ్యాయులు, సొంతంగా ఒక దళం నడుపుతున్నవారు. ఆ వార్త చదివిన రోజున పిల్లలు ఆయన చుట్టూ చేరి ఇప్పుడేం చేద్దామని అడిగారట. ఆయన టోపీ తీసి మేకుకు తగిలించి, తువ్వాలు తలకు చుట్టుకుని, "ఆయన మాట ఆయన దగ్గరే ఉండనీ, ఏడు మైళ్ళూ నడిచింది మనం" అని, పిల్లలను వెంటబెట్టుకుని మామూలుగానే నడకకు బయలుదేరారట. టోపీ మళ్ళీ పెట్టలేదు. నేను చూసిన తువ్వాలు తలపాగా అలా వచ్చినది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, వేరు వేరు స్కౌటు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినప్పుడు ప్రమాణంలో రాజు పోయి దేశం వచ్చింది. ఆ ప్రమాణాన్ని మాత్రం ఆయన గట్టిగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా వినబడేట్టు పలికించేవారు.

నేను చేరినది ఆ కొత్త సంఘంలోనే. మా కాలానికి పరీక్షలు కొంత మారాయి, నడకకు ఇద్దరేసి పోయేవాళ్ళం, దారి పొడవునా బస్సులు తిరిగేవి. శిబిరం వదిలేటప్పుడు వెనుక రెండే ఉంచి రావాలి, ఒకటి ఏమీ లేకపోవడం, రెండోది స్థలం ఇచ్చినవారికి మన కృతజ్ఞత, అన్న పాత మాట మాత్రం మారలేదు. తాతగారు పట్టు వదలక, నేనూ మా పెదనాన్న కొడుకూ ఆయన నడిచిన దారినే నడవాలన్నారు. అంగళ్ళు దాటాక దిగుడుబావి వెతికాం. మెట్లు కొన్ని పూడిపోయాయి, ఉత్తరపు గోడలో తేనెతుట్టె ఉన్నచోట రావిమొక్క మొలిచి గోడను చీల్చింది. నీళ్ళు ఉన్నాయి, పాచి పట్టి ఉన్నాయి. మిగిలిన మెట్లు లెక్కపెట్టి, రావిమొక్క ఎత్తు కర్రతో కొలిచి రాసుకున్నాం. రాత్రి బస ఒక బడి వరండాలో. గొర్రెల మంద ఒకటి కనబడింది కానీ, నోటుపుస్తకంలోని ఆ మూడు మాటలూ గుర్తుండి దూరంగానే ఉండిపోయాం.

తిరిగి వచ్చాక నివేదిక రాసి ఆయన చేతికిచ్చాను. వరండాలో కుర్చీ వేసుకుని, అద్దాలు తుడుచుకుని, పాత నోటుపుస్తకాన్ని ఒక మోకాలి మీద, నాదాన్ని ఇంకో మోకాలి మీద పరుచుకుని, పుటకు పుట పోల్చి చూశారు. చింతచెట్లు ఎన్ని తగ్గాయో అంచున పెన్సిలుతో వేసుకున్నారు. బావి దగ్గర ఆగి, రావిమొక్క ఎన్నేళ్ళది అయి ఉంటుందని అడిగారు; కాండం చుట్టుకొలత చెప్తే తలాడించారు. మా కొత్త సంఘం కార్డు మీద సంతకం చేయవలసినవారు బడి మాస్టారు, అయినా ఆయన నా నోటుపుస్తకం చివర తన సంతకం పెట్టి తేదీ వేశారు. మూసి ఇస్తూ, వచ్చే సెలవుల్లో పుంగనూరు రోడ్డు పట్టమన్నారు. ఆ వైపు నీళ్ళు తక్కువ, ఇద్దరికీ చెరొక సీసా చాలదు, తాడు మాత్రం మరిచిపోకండి, అని చెప్పి, పోస్టు వేళ అయిందని లేచి ఇరవై అడుగులు నడిచి, ఇరవై అడుగులు పరుగెత్తి వీధి మలుపు తిరిగారు.